రెడ్డెమ్మ వాటా సముద్రం

చాలా ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. అన్నప్పుడు అది మూడు నాలుగు ముక్కలే, అదీ నాది కాని భాషలో. ఏడాదికేడాది దాని బరువు పెరుగుతూ వచ్చింది తప్ప తగ్గలేదు. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మాయికి చెప్పలేదు. దేవుడి దగ్గర కూడా అటూ ఇటూ తిప్పి చెప్పుకున్నానే గాని సూటిగా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది.

ముందే ఒకటి చెప్పాలి. నేను ఏడుస్తూ రాయడం లేదు. తప్పు చేసిన ఆ ఏళ్లే నా జీవితంలో నేను బాగా సంతోషంగా ఉన్న ఏళ్లు. తప్పు చేసినవాళ్లకు నిద్ర పట్టదంటారు. నాకు హాయిగా పట్టింది. నన్ను తొలిచేది కూడా అదే.

నేను ఖతర్‌లో, ముఐథర్ అనే పేటలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తాను. మాది కోనసీమ. మా ఊళ్లో అరుగు మీద పడుకుంటే సముద్రం హోరు వినపడేది. ఇక్కడికొచ్చాక మొదటి రెండేళ్లు నేను సముద్రం మొహం చూడలేదు. ఈ దేశానికి మూడు పక్కలా నీళ్లే. అయినా నాకు కనిపించింది వంటగది గోడ, వెనక పెరటి గోడ, ఆ గోడ మీద ఆరేసిన బట్టలు. మనుషులు మంచివాళ్లే. మేడం ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. తిండికి లోటు లేదు. కానీ ఎవరూ లేని మధ్యాహ్నాల్లో ఏసీ చప్పుడు వింటూ, అది మా ఊరి హోరేనని కాసేపు నమ్మించుకునేదాన్ని.

రెండో ఏడు చివర్లో ఆ ఇంటికి ఇంకో పనిమనిషి వచ్చింది. పేరు రెడ్డెమ్మ. రాయచోటి వైపు పల్లె. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. పొడుగ్గా, ఎండలో వేరుశనగ చేలో పనిచేసిన చేతులతో ఉండేది. అరబ్బీ ఒక్క ముక్క రాదు. మేడం ఏది చెప్పినా నేను తెలుగులో చెప్పాలి. రెడ్డెమ్మ ఏదన్నా నేను అరబ్బీలో చెప్పాలి. ఇద్దరి మధ్య వంతెన నేనే. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మేడం అత్తగారిని మేం మామా కబీర్ అని పిలుస్తాం. పెద్దమ్మగారని అర్థం. ఆవిడ ఉత్తరాన, మదీనత్ అల్ షమాల్ అనే ఊరు దాటాక సముద్రం ఒడ్డున ఉండే ఒక పల్లెలో పుట్టింది. ఇప్పుడా పల్లెలో ఎవరూ లేరు. పైకప్పులు కూలిన మట్టి గోడలు, ఒక మసీదు మినారు, అంతే. ఆ చలికాలం డాక్టరు ఆవిడను నడవమన్నాడు. రోడ్ల మీద నడవనంది. నడిస్తే తన ఊరి ఒడ్డునే నడుస్తానంది. దాంతో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక డ్రైవరు ఆవిడను అక్కడికి తీసుకెళ్లేలా, చెయ్యి పట్టుకుని నడవడానికి మాలో ఒకరు వెంట వెళ్లేలా ఏర్పాటు చేశారు. రెండోవాళ్లు ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకోవాలి, శుక్రవారం భోజనాల గిన్నెలు తోమాలి. ఒక వారం నువ్వు, ఒక వారం రెడ్డెమ్మ అని మేడమే చెప్పింది. న్యాయంగానే పంచింది.

మొదటి శుక్రవారం నాది.

ఆ రోజు గురించి ఎలా చెప్పను? మా సముద్రం గోదావరి మట్టి కలిసి ఎర్రగా ఉంటుంది, కోపంగా ఉంటుంది. ఇక్కడిది అలా కాదు. పచ్చగా, పలచగా, పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉంది. ఆటు వచ్చి నీళ్లు చాలా దూరం వెనక్కి పోయాయి. తడి ఇసుక మీద పీతలు చేసిన చిల్లులు, వాటి చుట్టూ చిన్న చిన్న ఇసుక గోళీలు. మామా కబీర్ చెప్పులు విడిచింది. నేనూ విడిచాను. ఆవిడ నల్లటి అబాయా అంచు ఎత్తిపట్టుకుని, "యల్లా" అని, అంటే పదమని, నా మోచెయ్యి పట్టుకుంది. చేపల కోసం వాళ్ల నాన్న రాళ్లు పేర్చి కట్టిన గోడను చూపించింది. పోటు నీళ్లతో పాటు వచ్చిన చేపలు ఆటు వేళకు ఆ గోడ లోపల చిక్కుకుపోతాయట. గోడ సగం ఇంకా అలాగే ఉంది. మేమిద్దరం దాని పక్కనే నడిచాం. నా పాదాలకు ఆ ఇసుక తెలుసు. దేశం వేరైనా పాదాలకు తెలుసు. తిరిగొచ్చేటప్పుడు కారులో నాకు తెలియకుండానే కూనిరాగం తీశానని డ్రైవరు తర్వాత చెప్పాడు.

తర్వాతి గురువారం సాయంత్రం మేడం వంటగదిలోకి వచ్చింది. రేపు రెడ్డెమ్మ వెళ్లాలి, తయారుగా ఉండమని చెప్పు అంది. రెడ్డెమ్మ నా పక్కనే కింద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. తన పేరు వినపడగానే తలెత్తి ఇద్దరి మొహాలూ చూసి నవ్వింది.

నేను మేడంతో, రెడ్డెమ్మకు సముద్రమంటే ఖోఫ్ అన్నాను. భయమని.

ఎందుకని అడిగింది మేడం. అక్కడ ఆగి ఉంటే? ఏమీ లేదు, ఊరికే అన్నాను అని ఉంటే? ఆ ఒక్క క్షణం చాలాసార్లు మళ్లీ నిలబెట్టి చూసుకున్నాను. ఎన్నిసార్లు చూసుకున్నా నోరు ఆగదు. "అఖూ," అన్నాను. "మాయ్. మౌత్." అన్న. నీళ్లు. చావు. నాకొచ్చిన అరబ్బీ అంతే. అది చాలింది.

మేడం గుండె మీద చెయ్యి వేసుకుంది. రెడ్డెమ్మ తల నిమిరి, "మిస్కీనా" అని వెళ్లిపోయింది. పాపం అని.

"ఏమంటాండాది అక్కా మేడం?" అని అడిగింది రెడ్డెమ్మ.

"పిల్లలు నీకు బాగా అలవాటయ్యారట. శుక్రవారాలు నిన్ను ఇంట్లోనే ఉండమంటోంది," అన్నాను.

ఆమె మొహం వికసించింది. కొత్త ఇంట్లో తన పని మెచ్చుకున్నారని. వెల్లుల్లి ఇంకొంచెం చురుగ్గా ఒలిచింది.

ఎందుకు చేశాను? ఇంటి మీద బెంగ అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. సముద్రం పక్కన పుట్టినదాన్ని, నాకది అన్నంతో సమానం, ఆమెకేం తెలుసు దాని విలువ అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ వారం విడిచి వారం నాకు దక్కేదే కదా. ఆకలితో ఉన్నవాళ్లు దొంగతనం చేస్తే అర్థం చేసుకోవచ్చు. నాకు సగం కడుపు నిండే ఉంది. మిగతా సగం కూడా కావాలనిపించింది. ఆ ఇసుక మీద ఇంకొకరి కాళ్లు పడడం, ఆ ముసలావిడ ఇంకొకరి మోచెయ్యి పట్టుకోవడం నేను ఓర్చుకోలేకపోయాను. అది బెంగ కాదు.

ఆ తర్వాత అన్ని చలికాలాల శుక్రవారాలూ నావే అయ్యాయి. ఈ దేశం అంచంతా నేను మామా కబీర్‌తో నడిచాను. ఊరి ఒడ్డు విసుగు పుడితే ఆవిడ డ్రైవరును ఇంకో చోటికి పొమ్మనేది. ఒక చోట నీళ్లలోనే అడవి ఉంటుంది. మా కోరింగ వైపు మడ చెట్లలాంటివే, పొట్టివి. వాటి మధ్య సన్నకాళ్ల గులాబీ కొంగలు నిలబడి ఉండేవి. ఒక చోట తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో ఎవరినీ రానివ్వరు. పడమటి పక్క సున్నపురాళ్ల దిబ్బలు గాలికి కోసుకుపోయి పుట్టగొడుగుల్లా ఉంటాయి. వాటి నీడలో కూర్చుని ఖర్జూరాలు తినేవాళ్లం. ఆవిడ చిన్నప్పటి కబుర్లు చెప్పేది. నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం ఆవిడ చేతులు చెప్పేవి. నేను మా ఊరి కబుర్లు తెలుగులో చెప్పేదాన్ని. ఆవిడకు ఏమీ అర్థమయ్యేది కాదు, అయినా తలూపేది. అంత హాయిగా నేనెవరితోనూ మాట్లాడలేదు. మా ఆయనతో కూడా.

కానీ అక్కడా ఆ అబద్ధం నన్ను వదల్లేదు. మామా కబీర్ చిన్నాన్న పడవ మీద వెళ్లి తిరిగి రాలేదట. అందుకని, నీళ్లలో పోయాడని కోడలు చెప్పిన రెడ్డెమ్మ అన్నయ్య సంగతి ఆవిడ మనసులో ఉండిపోయింది. నడక ముగించి కారెక్కే ముందు నీళ్లవైపు తిరిగి, అరచేతులు చాచి, తనవాళ్ల కోసం ఏదో దువా చదువుకునేది. చివర్లో రెడ్డెమ్మ అన్న కోసం కూడా. నావైపు చూసేది. నేను ఆమీన్ అనేదాన్ని. లేని మనిషి కోసం ఆవిడ దేవుణ్ని అడిగేది, నేను దానికి వంత పాడేదాన్ని.

ఇంట్లో ఇంకో రకంగా జరిగింది. రెడ్డెమ్మ ముందు సముద్రం మాట ఎత్తొద్దని మేడం పిల్లలకు చెప్పింది. పిల్లలు ఏరుకొచ్చిన గవ్వలు ఆమె కంటబడకుండా మేడ మీద దాచేవారు. ఫోన్‌లో ఒడ్డున తీసిన ఫోటోలు చూస్తుంటే, రెడ్డెమ్మ రాగానే ఫోన్ తిప్పేసేవారు. అదంతా దయే. నేను చెప్పిన మాట వల్ల ఆ ఇంటి మంచితనమంతా కలిసి ఆమెకు సముద్రం కనపడకుండా అడ్డం నిలబడింది. నా దగ్గర ఏదో దాచిపెడుతున్నారేంటని రెడ్డెమ్మ ఒకటి రెండుసార్లు అడిగింది. పిల్లల ఆటలే అన్నాను.

శుక్రవారం పొద్దుగూకే వేళ నేను తిరిగొచ్చేసరికి ఆమె పెద్ద తాంబాళాలు తోమి బోర్లించి నాకోసం టీ పెట్టి ఉంచేది. ఈ పొద్దు యాడికి పోయినారు, ఎట్లుండాది అని అడిగేది. ఆమె పుట్టి పెరిగిన చోట నీళ్లంటే వానాకాలం నాలుగు నెలలు నిండే చెరువే. విమానంలో కూడా కిటికీ పక్కన కూర్చోలేదట. అవతలి గట్టు కనపడదంటే నమ్మేది కాదు. నేను చెప్పేదాన్ని. బాగా చెప్పేదాన్ని. ఏం దాచుకోకుండా, రంగులతో సహా. ఒకసారి నా పైజామా అంచు ఇంకా తడిగా ఉంటే వంగి వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగానే ఉందని నవ్వింది. అప్పుడైనా నాకు ఏదో అవ్వాలి కదా? అయ్యింది. తల తిప్పుకుని టీ తాగాను.

రెడ్డెమ్మ పిల్లల దగ్గర అరబ్బీ నేర్చుకుంది, నాకంటే బాగానే. నాకు గుబులు పట్టుకుంది. ఒక రోజు, మేడంను నేనే అడుగుతా అక్కా, ఒక్క తూరి నన్ను గూడా పంపమని, అంది. అడగొద్దన్నాను. మామా కబీర్‌కు కొత్తవాళ్లు పడరు, నువ్వడిగితే నన్ను కూడా మాన్పించేస్తారు అన్నాను. నా నడక పోతుందని చెప్పాను. ఆమె వెంటనే మానుకుంది. నాకోసం. మొదటిది నోరు జారిందని అనుకోవచ్చు. ఈ రెండోది నేను తీరిగ్గా అల్లింది.

అలా చలికాలాలు గడిచాయి. చివరికి రెడ్డెమ్మ కూతురి పెళ్లయింది, మనవడు పుట్టాడు, ఇక చాలు ఇంటికి పోతానంది. వెళ్లే వారం మేడం వంటగదిలోకి వచ్చింది. నేను చపాతీ పిండి కలుపుతున్నాను. రెడ్డెమ్మ కొత్తిమీర కోస్తోంది. ఈసారి మేడంకు నేను అక్కర్లేదు. నేరుగా రెడ్డెమ్మతోనే అంది: మళ్లీ ఈ దేశం వస్తావో రావో, మామా కబీర్ నిన్ను ఒక్కసారి తన ఊరి ఒడ్డుకు తీసుకెళ్తానంటోంది, చెయ్యి వదలనంటోంది. ఇంకా భయమేనా? మీ అన్న పోయినప్పటి నుంచీ అలాగే ఉందా?

నా చేతులు పిండిలో ఆగిపోయాయి.

రెడ్డెమ్మ కత్తి పక్కన పెట్టింది. మేడం వైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. ఆ చూపులో ముందు అర్థం కానితనం ఉంది, తర్వాత అర్థమవడం ఉంది. ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం నేను కళ్లారా చూశాను. ఇప్పుడు చెప్పేస్తుందనుకున్నాను. చెప్తే నా పని అయిపోయినట్టే. ఇన్నేళ్లు లేని చావుకు దువా చేయించినదాన్ని ఏ ఇంట్లో ఉంచుకుంటారు?

"ఏవా మేడం," అంది రెడ్డెమ్మ. అవునని. "ఖోఫ్. నేను పోను."

మేడం ఆమె భుజం తట్టి వెళ్లిపోయింది. కత్తి మళ్లీ కొత్తిమీర మీద ఆడింది. నేను పిండి పిసకడం మొదలుపెట్టాను. అది అప్పటికే ముద్దయింది, అయినా పిసికాను.

"అక్కా," అంది, తలెత్తకుండా.

"ఊఁ."

"ఆ అన్నకు ఏం పేరు పెట్టినావు?"

"పేరేం పెట్టలేదే," అన్నాను.

"ఒక పేరన్నా పెట్టల్ల గదక్కా."

అంతే. తిట్టలేదు. ఏడవలేదు. ఎందుకు చేశావని కూడా అడగలేదు. కోసిన కొత్తిమీర గిన్నెలోకి తోసి, చేతులు కడుక్కుని, పిల్లలు బడి నుంచి వచ్చే వేళైందని బయటికి వెళ్లింది. వెళ్లిపోయే రోజు వరకూ నాతో మామూలుగానే ఉంది. టీ ఇచ్చింది. ఆ శుక్రవారం కూడా నేను నడకకు వెళ్లొచ్చాను. అవును, వెళ్లాను. ఆమె మాత్రం ఎట్లుండాది అని అడగలేదు.

నన్నెందుకు కాచింది? నామీద ప్రేమా, జాలా, లేక నాలాంటిదానితో మాట్లాడడం ఎందుకనా? నేను అడగలేదు. అడిగితే తప్పు ఒప్పుకోవాలి. అంత ధైర్యం నాకు అప్పుడు లేదు.

ఆమె ఊరెళ్లాక అప్పుడప్పుడూ ఫోన్‌లో మాట్లాడుకుంటున్నాం. నేనే చేస్తాను. మా కోనసీమ రమ్మన్నాను, నేను సెలవు మీద వచ్చినప్పుడు మా ఒడ్డున నడిపిస్తానన్నాను. సూస్తాంలే అంది. ఈ మధ్య చేస్తే, కూతురూ అల్లుడూ మద్రాసు తీసుకెళ్లారని చెప్పింది. సముద్రం చూసిందట.

"ఎలా ఉంది రెడ్డెమ్మా?" అన్నాను. నా గొంతు ఎంత ఆత్రంగా ఉందో నాకే వినిపించింది.

"నువ్వు చెప్పిన మాదిరి లేదక్కా."

"మరి ఎలా ఉంది?"

"నేను చెప్పనులే," అంది.

నవ్వుతూ అందో, మామూలుగా అందో ఫోన్‌లో తెలియలేదు. మనవడికి పాలు కలపాలని పెట్టేసింది. నేను చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. బాధ వేసింది. దాని కిందే, దాచడమెందుకు, గట్టి సంతోషం కూడా వేసింది. చూసింది కదా. నేను చెప్పింది కాని సముద్రం ఒకటి ఆమెకు దొరికింది. దానిలో నాకు వాటా లేదు.

ఇప్పుడు మామా కబీర్ నడవలేదు. అయినా శుక్రవారాలు మానలేదు. డ్రైవరు కారును ఒడ్డుకు దగ్గరగా ఆపుతాడు, ఆవిడ అద్దం దించుకుని కూర్చుంటుంది, నన్ను నడవమంటుంది. ఆవిడ కంటికి ఆనినంత దూరం నడిచి వెనక్కి వస్తాను. గాలి బాగుంటుంది. నా మోకాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. సుఖంగా ఉన్నానా అంటే ఉన్నాను. ఈ కాగితం మీద రాసినందువల్ల రెడ్డెమ్మ పోగొట్టుకున్న శుక్రవారాలు ఒక్కటి కూడా తిరిగి రావు, ఆమె నన్ను క్షమించినట్టూ కాదు. ఆ సంగతి నాకు తెలుసు.

అయినా సూటిగా చెప్తాను. రెడ్డెమ్మకు సముద్రమంటే భయం లేదు. ఆమెకు అన్న లేడు, నలుగురు ఆడపిల్లల్లో చిన్నది. మేడం ఆమెకు సగం శుక్రవారాలు ఇచ్చింది. అబద్ధమాడి అవి నేను తీసుకున్నాను. కావాలనిపించి తీసుకున్నాను.

ఇంత పొట్టిగా ఇన్నేళ్లలో నాకు నేనే ఎప్పుడూ చెప్పుకోలేదు.